అరబ్బులందరి తరఫున ఒక్క చెయ్యి

ఆదివారం నుంచి పేపరు మునెంకటప్ప చదువుతా ఉండాడు, నేను నోరు మూసుకొని వింటా ఉండాను. ఈ గతి నాకెట్ల పట్టిందో వినండి, నవ్వుకుందురు!

ఆండర్సన్‌పేటలో సెల్వి టీ అంగట్లో పొద్దున్నే పేపరు గట్టిగా చదివేది నేనే. మా బంగారు గని మూసినప్పటి నుంచీ అదే నా డ్యూటీ. పోయిన వారం అమెరికా వార్త చదివి, "అరబ్బులందరికీ అమెరికా అంటే కడుపుమంట!" అన్నాను.

"అందరికీనా? పొయ్యి అడిగొచ్చినావా?" అన్నాడు మునెంకటప్ప. గనిలో నాతోపాటు డ్రిల్లు పట్టినోడు. నా మాటకు అడ్డం రాకుంటే వానికి టీ అరగదు.

"రుజువు చేస్తా! చెయ్యలేకపోతే పేపరు చదివే డ్యూటీ నీకే!"

నోరా అది?

ఆదివారం మా వీధిలో షుగర్ క్యాంపు పెట్టినారు. కోలారులో డాక్టరు చదివే పిల్లోడు, పేరు యూసఫ్, నా వేలు పొడిచినాడు. "యాడ ఊరప్పా?" అంటే "జోర్డాన్" అన్నాడు. ఇంగేం, అసలైన అరబ్బు! క్యాంపు అయినాక టీ అంగటికి లాక్కొచ్చి, చేతిలో వడ పెట్టినాను.

యూనియన్ పద్ధతి మనది. గేట్ మీటింగులో ఒకడు తీర్మానం చదివితే అందరి చేతులూ లేచేవి. అట్లనే బెంచీ ఎక్కి, "అమెరికా డౌన్ డౌన్! ఒప్పుకునే అరబ్బులు చెయ్యెత్తండి!" అని అరిచినాను.

ఉండేది ఒక్క అరబ్బు. వాడూ ఎత్తలేదు.

"తాతా," అన్నాడు వచ్చీరాని కన్నడలో, "వాళ్ళ యుద్ధాలంటే మాకు కోపమే. మా నాయన టీవీ ముందర తిట్టని రోజు లేదు. మా చిన్నాయన వాళ్ళ చదువుల్ని పొగుడుతాడు. మా అవ్వకు ఈ ఇద్దరి మీదా కోపం. నేను ఎవరి తరఫున ఎత్తేది?"

"ఒక్క మాట మీద నిలబడరా మీరు?" ఒళ్ళు మండింది నాకు.

"సరే. మీ గని తెల్లదొరలది కదా, వాళ్ళను మీరేమంటారు?"

దొరికినాడు! ఎత్తుకున్నాను. "దొంగలు! బంగారం వాళ్ళు ఎత్తుకపోయి, మా నాయన రొమ్ములో రాతిదుమ్ము మిగిల్చినారు! ఆ దుమ్ముతోనే పోయినాడు!"

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను నిలిచింది. నా నోరు నిలవలేదు.

"థూ! దొరల కాలంలో అయితే ఇట్ల కరెంటు పోయేదా?"

అంగడంతా గొల్లున నవ్వింది. యూసఫ్ వడ కింద పెట్టి, రెండు చేతులూ ఎత్తినాడు. "తీర్మానం పాస్, తాతా! తిట్టేదానికొక చెయ్యి, పొగిడేదానికొక చెయ్యి. మా ఇంట్లోనూ అచ్చం ఇంతే!"

మునెంకటప్ప నా చేతిలో నుంచి పేపరు లాక్కున్నాడు.

వాడు చదివేది ఒక చదువా! ఒక్కో అక్షరం కూడబలుక్కుంటా, పేజీ తిప్పేలోపు టీ ఆరిపోతాది. ఈ పొద్దు ఇంగ తట్టుకోలేక అనేసినాను: "నేను చదివే కాలంలో అయితే..."

అంగడంతా రెండు చేతులూ ఎత్తింది!