ఒట్టు వేయించని మేనత్త

పట్నంలోని కార్వాన్‌లో మా మేనత్త పోయింది. జ్వరం వచ్చిందన్న కబురూ, పోయిందన్న కబురూ ఒకే పూట అందాయి. నేను వెళ్లేసరికి వాడకట్టంతా ఏడుస్తోంది. బతికున్నన్నాళ్లూ ఆమెను కాల్చుకుతిన్నవాళ్లే అందరికన్నా గట్టిగా ఏడుస్తున్నారు.

ఆమె భర్త, అంటే మా మామ, ఒకప్పుడు కల్లుకు బానిస. పొద్దున పాలు పిండే చేయి సాయంత్రానికి గజగజ వణికేది. మామ వాళ్ల అన్న దానికి అందరూ చేసే వైద్యమే చేశాడు. మామ చేత ఆయన కన్నకొడుకు నెత్తిన చేయి పెట్టించి, ఇక తాగనని ఒట్టు వేయించాడు. ఆ ఒట్టు ఎన్నాళ్లో నిలవలేదు. ఆ ఎండాకాలంలోనే పిల్లవాడు అమ్మవారు పోసి చనిపోయాడు. శవం ఇంట్లో ఉండగానే మామకు 'కొడుకును తిన్నోడు' అని పేరు పెట్టారు. ఆ మాట పడలేక ఆయన ఇంకా తాగాడు. అన్న ఆయన్ని బర్రెల కొట్టంలో గుంజకు కట్టేశాడు.

కట్లు విప్పింది అత్తే. కొడుకు పోయిన కడుపుకోతతోనే విప్పింది. తిట్టిన రోజు ఆయన ఎక్కువ తాగుతాడని, కడుపునిండా తిన్న రోజు తక్కువ తాగుతాడని, ఒక్కసారిగా ఆపితే ఒళ్లు కొట్టుకుంటుందని ఆమె కళ్లారా చూసింది. అందుకని తానే కల్లు తెచ్చి, అన్నం తిన్నాక పోసేది. రోజులు గడిచేకొద్దీ తగ్గించేది. దుకాణం వైపు కాళ్లు లాగే వేళకు పేడ తట్ట ఎత్తమనో, గడ్డి కోయమనో పిలిచేది. పెండ్లామే మొగనికి కల్లు పోస్తదంటూ వాడకట్టు నవ్వింది.

"నాకు కోపం రాదా బిడ్డా? కొట్టాలనే ఉంటది. కొడితే కల్లు దుకాణమోడే బాగుపడుతడు," అనేది నాతో.

మామ మానేశాడు. మధ్యలో జారిపడ్డాడు, మళ్లీ లేచాడు. తర్వాత తాగుబోతుల పెండ్లాలు ఆమె దగ్గరికి వచ్చేవారు. పిల్లల మీద ఒట్లు వేయించవద్దని, వాడు ఎట్లాగూ తాగుతాడని, పాపం పసివాళ్ల మీద పడుతుందని వాళ్లకు చెప్పేది. మా మామ ఈ రోజు మనిషిలా తిరుగుతున్నాడంటే ఆమె పుణ్యమే.

అత్తకు పిట్టకు పెట్టే రోజు, అంటే కాకికి కూడు పెట్టే రోజు వచ్చింది. పోయినవారికి ఇష్టమైనవి విస్తట్లో వడ్డించి, వాళ్ల పేరున నేల మీద కాస్త కల్లు సాక పోసి, మిగిలింది అయినవాళ్లంతా తాగడం ఆచారం. అన్న ముంత నింపి మామ చేతిలో పెట్టాడు. నేను వద్దన్నాను. నోరు మూసుకోమన్నారు.

"దాని పేరు మీద ఒక్క గుటక తాగురా. తాగకుంటే దాని పానం కొట్టుకుంటది," అన్నాడు అన్న.

మామ ముంత వైపు చాలాసేపు చూశాడు. తాగాలనే చూశాడు, నేనెందుకు అబద్ధం చెప్పాలి? తర్వాత మొత్తం నేల మీద వంపేశాడు.

"పెండ్లాం పేరు మీద గుటక సుత తాగనోనివి, గామెతోని ఏం కాపురం జేసినవ్‌రా?" అన్నాడు అన్న. చుట్టాలు విస్తళ్లు వదిలేసి లేచిపోయారు.

వాకిట్లో మేమిద్దరమే మిగిలాం. మామ కల్లుకు తడిసిన చోట గొంతుక్కూర్చుని పిడికిళ్లతో మట్టి పోస్తున్నాడు. అదుముతాడు, వంగి వాసన చూస్తాడు, మళ్లీ పోస్తాడు.

"పోతలేదు బిడ్డా," అన్నాడు.