మామ చూడని సినిమా

మా చిన్నమామ పోయాడు. కబురు అంది నేను మలక్‌పేట చేరేసరికి వాకిట్లో చుట్టాలు అప్పుడే తీర్పు చెప్పేస్తున్నారు: "గా పిచ్చి పాటలు ఇనుకుంటనే బతుకు ఆగం జేస్కున్నడు." నిజం చెబుతున్నాను, నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది.

ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. పెళ్లి చేసుకోలేదు, అన్న ఇంట్లోనే ఉన్నాడు. ఆ ఇంట్లో చెడిపోయిన ప్రతి కుళాయీ, ప్రతి గొళ్లెం ఆయన చేతులే బాగుచేశాయి. ఆ మాట మాత్రం ఒక్క నోటా రాలేదు.

నా చిన్నప్పుడు పత్తర్‌గట్టిలో పాత సామాన్ల దుకాణంలో ఆయనకొక ఇంగ్లీషు రికార్డు దొరికింది. జుట్టు పెంచిన కుర్రాళ్ల రాక్ బృందం ఏదో సినిమాకు కట్టిన సంగీతం. ఆ సినిమా మన ఊరికి రానేలేదు. రాకపోతే ఏం? ఆదివారం తలకు పోసుకుని, మెత్తటి గుడ్డతో రికార్డు తుడిచి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తనే సినిమా చూపించేవాడు.

గిటారు సాగుతూ మూలిగితే, "ఇగో, ఎడారి. పోరడు ఒక్కడే నడుస్తుండు" అనేవాడు. డ్రమ్ములు విరుచుకుపడితే, "వానొచ్చె, ఉరుకు బిడ్డా!" కథ వారం వారం మారేది. ఒకసారి ఆ పోరడు మన బార్కస్ బస్తీకొచ్చి జామకాయలు కూడా తిన్నాడు.

"పోయిన వారం సచ్చిపోయిండు గద మామా?"

"పాట మల్ల మొదలైతే మనిషి మల్ల లేస్తడు."

"ఏందీ లొల్లి!" అని ఆయన వదిన, మా పెద్దత్త, వంటింట్లోంచి అరిచేది. ఆయన సౌండు తగ్గించేవాడు, సినిమా ఆపేవాడు కాదు.

పదో దినం నాడు రికార్డు అడిగాను. తన తర్వాత అది నాదేనని అందరి ముందూ చెప్పాడాయన. పెద్దత్త మామ ఫోటో వైపు చూపించింది. ముందర ఒక నల్లటి గిన్నె. పాత రికార్డును మరిగే నీళ్లలో ముంచి, మెత్తబడగానే అంచులు వంచి పూలగిన్నె చేయడం మా బస్తీ ఆడవాళ్లకు ఇప్పుడొక సరదా.

"ఊకెనే పడున్నది బిడ్డా. అదంటె మీ మామకు పానం గద, ఆయన పూలకే జేసిన. మంచిగొచ్చింది గద?"

"ఇగ అది పాడదు అత్తా!" అని అరిచాను.

"గట్ల మొత్తుకుంటవేంది? ఆయన ముంగటనే పెట్టిన గద" అంటూ ఏడ్చింది. ఆ కన్నీళ్లు దొంగవి కావు. అందుకే నా కోపం ఎవరి మీదా తీరడం లేదు.

బంతిపూల కింద ఆ సన్నటి గీతలు వంపుల్లో ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. నడిమి చిల్లులోంచి పూల తడి మామ ఫోటో ముందు బొట్టు బొట్టుగా కారుతోంది.