మూలగది తాళం

నా చిన్నప్పుడు నాచారంలో మా ఇంటి చుట్టూ ఎటు చూసినా ఫ్యాక్టరీలే. సైరన్ మోగితే నిద్ర లేవడం, సైరన్ మోగితే అన్నం తినడం. మేముండేది రేకుల గదుల వరసలో. అమ్మా నాన్నా ఇద్దరూ పనికి వెళ్లేవారు కాబట్టి నేను పెరిగిందంతా మా నాయనమ్మ కొంగు పట్టుకునే. మనిషి బక్కపలచనే గానీ, ఆవిడ ఒకటి అనుకుందంటే ఇక ఎవరి మాటా వినదు. ఆ మొండితనం నాకూ వచ్చిందని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు.

మాది ప్రభువును నమ్ముకున్న ఇల్లు. మావాళ్లలో పిడికెడు బియ్యం తీసే అలవాటుంది. వంటకు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి విడిగా ఒక కుండలో వేస్తారు. ఆదివారం అది చర్చికి వెళ్తుంది, అక్కడి నుంచి లేనివాళ్లకు. మాకే చాలని రోజున కూడా నాయనమ్మ ఆ పిడికెడు తగ్గించేది కాదు. "అది మనది గాదు, ప్రభువుది" అనేది. నాకు మాత్రం ఆ కుండ మీద ఎప్పుడూ గుర్రుగానే ఉండేది.

ఒక ఎండాకాలం, వరస చివరనున్న మూలగదిలోకి కొత్త జంట వచ్చింది. కీసర అవతలి పల్లెవాళ్లు. భర్త షిఫ్టుకు వెళ్తూ, భార్యను లోపలే ఉంచి బయట తాళం వేసుకుని పోయేవాడు. ఆ అక్క కిటికీ ఊచల వెనక కూర్చుని ఉండేది. పలకరిస్తే పలికేది కాదు. చూస్తుండగానే ముఖం పీక్కుపోయింది. వరసలోని ఆడవాళ్లందరూ అతణ్ణి తిట్టిపోసి, ఆమె మీద జాలిపడి, మళ్లీ ఎవరి పనిలో వాళ్లు పడేవారు. నాయనమ్మ చర్చిలో చెప్పి, ఆ కుండలో బియ్యం ఆమెకే ఇద్దామంది. రోజూ నా చేతికి గిన్నె ఇచ్చి, తనూ వెనకే వచ్చి, కిటికీలోంచి ఇప్పించేది.

ఒకరోజు నాయనమ్మ ఊచలకు ముఖం ఆనించి లోపలికి చూసింది. మేమిచ్చిన బియ్యమంతా చాటలో అలాగే ఉంది, పురుగు పట్టి. పొయ్యి రాజేసిన జాడ లేదు, అతను తినేది ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో. నాయనమ్మ ఇంటికొచ్చి గడపలో చతికిలబడింది.

"ఆకలైనోళ్లకు అన్నం పెట్టుమన్నడు ప్రభువు. చెరల ఉన్నోళ్లకు? వాళ్ల తానికి పొమ్మన్నడు. పోతే నా తానికి వచ్చినట్టే అన్నడు. మనమేమో కిటికీల నుంచి బియ్యం పోసి మర్లొస్తున్నం."

నాకేమీ అర్థం కాలేదు. మర్నాడు పొద్దున ఆవిడ ఆ కుండ చంకన పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని, అతను తాళం వేసే వేళకు మూలగది ముందు నిలబడింది.

"కొడుకా, మమ్మల్ని గూడ లోపల్నే ఉంచి తాళమేసుకపో."

"ఏందవ్వా, గిట్లంటవ్?" అని అతను నవ్వబోయాడు. అప్పటికే నాయనమ్మ లోపలికి వెళ్లి కూర్చుంది, నన్నూ లాక్కుని. సైరన్ మోగింది. ఆలస్యమైతే గేటు దగ్గరే ఆపేస్తారు. అతను కాసేపు అటూ ఇటూ చూసి, తలుపు మూసి తాళం వేశాడు.

మొదట నాకు ఆటలాగానే ఉంది. ఎండ ఎక్కేకొద్దీ పైనున్న రేకులు పెనంలా కాలాయి. కిటికీలోంచి కనిపించేది ఎదురుగోడే. బయట నాతోటి పిల్లలు ఆడుకుంటున్న అరుపులు వినిపిస్తున్నాయి, మనుషులు మాత్రం కనిపించరు. దాహమైంది, నీళ్లు తాగాను. అయినా గొంతు ఎండిపోయినట్టే ఉంది. గోడలు దగ్గరకొస్తున్నట్టు, గాలంతా అయిపోయినట్టు అనిపించింది. ఉన్నట్టుండి లేచి, రెండు చేతులతో తలుపు బాదడం మొదలుపెట్టాను. "తలుపు తియ్యిన్రి! తలుపు తియ్యిన్రి!" అని గొంతు చించుకున్నాను. అరచేతులు ఎర్రగా కంది మండిపోయాయి. ఎవరూ రాలేదు. గోడ అవతలి షెడ్డులో ఎవరో రేకులు సాగగొడుతున్నారు. ఆ మోతలో నా మోత కలిసిపోయింది.

అప్పుడు ఆ అక్క లేచి వచ్చి నన్ను ఒళ్లోకి తీసుకుంది. ఆమె గొంతు వినడం నాకదే మొదలు.

"జరసేపైతే అలవాటైతది బిడ్డా. మొదట్ల నేను గూడ గిట్లనే కొట్టిన. ఎవ్వలు రాలె."

పొయ్యి రాజేస్తున్న నాయనమ్మ చెయ్యి ఆగిపోయింది. "విన్నం బిడ్డా" అంది, నేలకేసి చూస్తూ. "అందరం విన్నం. రేకుల చప్పుడనుకున్నం." అంత మొండిమనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాయనమ్మ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. నా ఏడుపు అక్కడే ఆగింది.

ఆ తర్వాత అక్క మాటలు ఆగలేదు. వాళ్ల పల్లెలో ఎక్కడ దారి తప్పినా తలెత్తి కీసరగుట్టను చూస్తే చాలట, ఇల్లు ఎటో తెలిసిపోతుందట. పట్నం వచ్చిన కొత్తలో ఉప్పు కోసం దుకాణానికి వెళ్లింది. తిరిగొస్తే గదులన్నీ ఒక్కలాగే ఉన్నాయి. గుట్ట కోసం వెతుక్కుంటూ, షెడ్ల మధ్య నడిచి నడిచి ఉప్పల్ దాకా పోయింది. భర్త వెతికి వెతికి, చీకటి పడే వేళకు పట్టుకున్నాడు. ఆ మర్నాటి నుంచి తాళం. నాయనమ్మ సలహా ఏమీ చెప్పలేదు. ఊఁ కొడుతూ ఆమె తలకు నూనె రాసి, చిక్కు తీసి, జడ వేసింది. తర్వాత ఇద్దరూ కలిసి కుండలో బియ్యం వండారు. ప్రభువు బియ్యం నేను తిన్నది ఆ రోజే. అక్క మారు వడ్డించుకుంది.

భర్త వచ్చి తాళం తీసేసరికి నాయనమ్మ అతనికీ కంచం పెట్టింది. ఉతికి ఆరేస్తుందనుకున్నాను, పక్కనే కూర్చుని వడ్డించింది. రెండు ముద్దలు తిన్నాక అతనే తలొంచుకుని అన్నాడు. "మళ్ల తప్పిపోతే యాడ దేవులాడాలె అవ్వా? ఈ పట్నంల నాకెవ్వలున్నరు?"

"నేనున్న గద. రేపటి సంది నా తాన ఉంటది. దారి నేను జూపిస్త" అంటూ నాయనమ్మ చెయ్యి చాపింది. అతను తాళం చెవిని పిడికిట్లో బిగించి కూర్చున్నాడు. భార్య ముఖం వైపు చూశాడు, నూనె పెట్టి జడ వేసిన ఆ తల వైపు చూశాడు. అప్పుడు ఇచ్చాడు.

మర్నాడు మేం ముగ్గురం వీధులన్నీ తిరిగాం. "గుట్ట లేకపోతే ఏంది, గా చర్చి గోపురం జూడు. యాడికెళ్లైనా కానొస్తది" అంది నాయనమ్మ. కొన్నాళ్లకు నేను తప్పిపోకుండా చెయ్యి పట్టుకుని ఉప్పల్ అంగడికి తీసుకెళ్లింది ఆ అక్కే. ఆ గర్వం చూడాలి ఆమెది!

ఇప్పుడు నాకు అప్పటి నాయనమ్మ వయసు దాటింది. రేకుల గదులు పోయాయి. పీర్జాదిగూడలో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. పిడికెడు బియ్యం ఇప్పటికీ తీస్తాను. ఎవరికైనా ఏదైనా పట్టుకెళ్తే గుమ్మంలోంచి ఇచ్చి రాను, చెప్పులు విడిచి లోపలికెళ్లి కూర్చుంటాను. మా చుట్టూ ఎప్పుడూ ఏదో ఒకటి కడుతూనే ఉంటారు, చప్పుళ్లకు లోటు లేదు. అయినా ఎక్కడో దబదబమని వినిపిస్తే కూర్చోలేను. లేచి, చేతికర్ర అందుకుని, ఆ అంతస్తు దాకా వెళ్లి చూసొస్తాను. చాలాసార్లు ఎవరో గోడకు మేకు కొడుతుంటారు. మా కోడలు నవ్వుతుంది. నవ్వనీ. తలుపు కొట్టిన చేతులు ఎలా మండుతాయో నాకు తెలుసు.