చూశావా, అనుకున్నావా?

నిన్న మా అక్క కూతురికి తలంటు పోస్తుంటే పిల్లల షాంపూ వాసన గుప్పుమంది. దానికి ఏడుపొచ్చింది, నాకు సముద్రం గుర్తొచ్చింది. ఆ షాంపూ ఒక చుక్క ఈత మాస్కు అద్దానికి రుద్దితే నీళ్ళలో ఆవిరి పట్టదని నేర్పింది మా బయాలజీ మేడమ్, విజయలక్ష్మిగారు. కాకినాడ మనిషి. అరబ్బు దేశంలో, రాస్ అల్ ఖైమాలోని మా స్కూల్లో పాఠాలు చెప్పేవారు. శుక్రవారం సెలవు రాగానే ఫుజైరా తీరానికి వెళ్ళి, అక్కడి చిన్న దీవి చుట్టూ పగడాల మధ్య తిరిగే చేపల్ని లెక్కపెట్టేవారు. నలభై దాటాక ఈత నేర్చుకున్న మొండిఘటం.

పడవలవాళ్ళు అక్కడ లంగరు వేసినప్పుడల్లా పగడాలు విరిగిపోయేవి. అది ఆపించాలని మేడమ్ తీరం చూసుకునే సర్కారు ఆఫీసుకు మూడేళ్ళుగా అర్జీలు పెడుతూనే ఉన్నారు. అక్కడ తాబేళ్ళు తిరుగుతున్నాయని నెలాఖరులోగా చూపిస్తే ఆలోచిస్తామన్నారు ఆఫీసువాళ్ళు. ఆ నెల చివరి శుక్రవారం నన్నూ వెంటబెట్టుకెళ్ళారు. నేనప్పుడు పదకొండో తరగతి. ఒక్క తాబేలు కనబడితే చాలు.

బయల్దేరేటప్పుడు మా అమ్మ "ఉప్పు నీళ్ళకు జుట్టంత పాడైతది బిడ్డా" అంటూ తలకు కొబ్బరినూనె కారేటట్టు పట్టించింది. మా నిజామాబాద్ అమ్మల చేతికి కొలతలుండవు. నీళ్ళలో దిగానో లేదో, మాస్కు పట్టీ జారడం మొదలు. పసుపు చారల చేపలు, ఇసుక మీద తిరిగే చిన్న సొరచేప, అన్నీ సగం నీళ్ళు నిండిన అద్దంలోంచే చూశాను. అంతలో పగడాల పక్కన గోధుమరంగులో గుండ్రంగా ఏదో కదిలింది. గబగబా పడవెక్కి, లెక్కలు రాసుకునే ప్లాస్టిక్ పలక మీద 'తాబేలు' ఎదురుగా పెన్సిల్‌తో ఒకటి వేశాను.

పలక చూడగానే మేడమ్ ముఖం వెలిగిపోయింది. అంతలోనే నా తల వైపు చూశారు.

"నూనె పెట్టుకొచ్చావా? మాస్కు జారదేంటి మరి! సరే, దాని తల చూశావా? కాళ్ళు?"

"గుండ్రంగా ఉంది మేడమ్. తాబేలే అనుకుంటా."

"చూశావా, అనుకున్నావా?"

నాకు ఉక్రోషం వచ్చింది. "మీకు కావాల్సింది ఒక్కటే కదా మేడమ్, ఉండనివ్వండి!"

"రేపు వాళ్ళే దిగి చూస్తే? ఇదొక్కటి అబద్ధమైతే నా మూడేళ్ళ కాగితాలూ పొట్లాలు కట్టుకోడానికే పనికొస్తాయమ్మా."

బొటనవేలితో నా అంకె చెరిపేసి, నా తలకు తన తువ్వాలు బిగించి కట్టి మళ్ళీ దింపారు. నేను చూసిన చోటే వెతికాం. గుండ్రటి రాయి, దాని మీద ఊగుతున్న నాచు. సిగ్గుతో చచ్చిపోయాను. వేళ్ళు ముడతలు పడేదాకా దీవి చుట్టూ తిరిగాం. పడవ నడిపే పఠాన్ "ఖలాస్ మేడమ్, హవా తేజ్ హై, యల్లా" అని, గాలి పెరిగింది ఇక చాలు పదండంటూ తొందరపెడుతుంటే, "ఔర్ ఏక్ బార్, భాయ్" అంటూ ఆవిడ మళ్ళీ దూకారు.

తాబేలు రాలేదు. మేడమ్ తన చేత్తోనే సున్నా వేసి, కింద సంతకం చేశారు. నేను ఏడ్చేశాను. ఆవిడ కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి, ఉప్పునీళ్ళని బుకాయించారు. "ఏడుపెందుకే? వచ్చే నెల మళ్ళీ వద్దాం. నూనె మాత్రం వద్దు తల్లీ." ఆ ఏడు అర్జీ తిరిగొచ్చింది.

మేము మాత్రం వెళ్తూనే ఉన్నాం. ఐదో నెలలో, నాకు రెండు బారల దూరంలో, రాతి మీది నాచు కొరుకుతున్న తాబేలు తల తిప్పి నన్ను చూసింది. పైకొచ్చి పలక కోసం చెయ్యి చాపాను. మేడమ్ ఈసారి ఏమీ అడగలేదు. పెన్సిల్ తీసి నా చేతిలో పెట్టారు. తర్వాత ఆఫీసువాళ్ళు నిజంగానే వచ్చి, దిగి చూసుకుని, అక్కడ లంగర్లు ఆపించారు.

ఇప్పుడు నేను షార్జాలో నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. పోయిన వారం మా మేనేజరు నా భుజం మీదుగా తొంగిచూసి, "ఈ ఒక్క అంకె కాస్త సర్దెయ్యమ్మా, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు.

"నేను చూశాను సార్" అన్నాను. వచ్చిన అంకే వేసి, కింద సంతకం చేశాను.