అవుసలి అంటే ముసలి కాదు

2018లో నేను సూర్యాపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. మాది కోదాడ. రోగి చేరగానే వివరాలు అడిగి కేస్ షీట్‌లో, అంటే డాక్టరు చూసే కాగితంలో, రాయడం నా పని. దాన్ని హిస్టరీ తీసుకోవడం అంటాం. ఎన్నాళ్ళ నుంచి దగ్గు, బీడీ అలవాటుందా, ఏం పని చేస్తారు. ఊపిరితిత్తుల జబ్బుకు మూలం చాలాసార్లు ఆ పనిలోనే దొరుకుతుంది.

ఒక మధ్యాహ్నం తిరుమలగిరి నుంచి అరవై దాటిన మనిషి ఆయాసంతో వచ్చాడు. నెబ్యులైజర్ పెట్టాం; మందును ఆవిరిలా పీల్పించే యంత్రం అది. మాస్కు ముఖం మీద ఉండగానే అడిగాను.

"ఏం పని చేస్తారు తాతా?"

"అవుసలి బిడ్డా."

"ముసలి అని చూస్తే తెలుస్తూనే ఉందిలే. ఇంట్లోనే ఉంటున్నారా?"

ఆయన నవ్వబోయాడు, దగ్గు తెర వచ్చింది. నేను గడిలో "వృద్ధుడు, పని లేదు" అని రాసి పక్క మంచానికి వెళ్ళాను. మా ఇంట్లో కంసాలి అంటాం. అవుసలి అనే మాట నేను అంతకుముందు వినలేదు. నా చెవి దాన్ని తనకు తెలిసిన మాటగా మార్చేసుకుంది.

నాలుగు రోజుల్లో తేరుకుని ఇంటికి వెళ్ళాడు. మూడు వారాలకు మళ్ళీ తెచ్చారు, ఈసారి మాట కూడా రావడం లేదు. ఇంట్లో ఖాళీగానే ఉంటున్నాడు కదా అని డాక్టరు గారు అడిగితే భార్య గయ్యిమంది.

"ఖాళీనా సారూ? దవాఖాన నుంచి పోయిన తెల్లారే కుంపటి ముందట కూసున్నడు. నా మొఖం కంటే ఆ నిప్పునే ఎక్కువ సూసిండు ఈయన."

డాక్టరు గారు షీట్ వంక, తర్వాత నా వంక చూశారు. నగలు అతకడానికి ఏం వాడతాడని ఆమెను అడిగారు. కేడీఎం అంది. కాడ్మియం అనే లోహం కలిపిన అతుకు అది. కాలిస్తే వచ్చే పొగ ఊపిరితిత్తులనూ కిడ్నీలనూ తినేస్తుంది. గాలికి మంట కదలకుండా తలుపు మూసుకుని, ఏళ్ళ తరబడి ఆయన ఆ పొగ ముందు కూర్చున్నాడు.

"మొదటిసారే తెలిసి ఉంటే ఆ గదిలోకే వెళ్ళొద్దనేవాళ్ళం" అన్నారు డాక్టరు గారు మెల్లగా.

రెండు రోజులకు కాస్త నెమ్మదించాక తాతే నన్ను పిలిచాడు.

"అవుసలి అంటే ముసలి గాదు బిడ్డా. మీ దిక్కు కంసాలి అంటరు గద, గదే. పాతకాలంల బంగారం పని చేసే సాలను అక్కసాల అనేటోళ్లట, మా తాత జెప్పిండు. అగసాలి అయ్యి, అవుసలి అయ్యింది. సాల పేరే మనిషికి పడ్డది."

పనిచేసే గది ఆ మాటలోనే ఉంది. నేను అడగవలసింది ఆ గది గురించే. మా చర్చి సంఘంలో పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను, దేవుడు కంసాలిలా కొలిమి దగ్గర కూర్చుని మనల్ని శుద్ధి చేస్తాడని. అక్కడ కూర్చున్నవాడు ఏం పీలుస్తాడో ఒక్కసారీ ఆలోచించలేదు.

ఆయనతో పాటు నవ్వాను కానీ, నేనేం రాశానో చెప్పలేదు. ఆదివారం మందిరంలో ఏడ్చి దేవుని ముందు ఒప్పుకున్నాను, మనసు తేలికైంది. సోమవారం డ్యూటీకి వెళ్ళేసరికి ఆయన్ని హైదరాబాద్ తరలించారు. అక్కడే కన్నుమూశాడు.

తర్వాత కాగితాల కోసం వచ్చిన ఆయన భార్యకు జరిగిందంతా చెప్పాను.

"ఆయన ఉన్నప్పుడు చెప్పకపోతివి బిడ్డా" అంది.

ఇప్పుడు మిర్యాలగూడలో పనిచేస్తున్నాను. అర్థం కాని మాట వస్తే, అర్థం కాలేదని చెప్పి మాస్కు తీయించి మళ్ళీ అడుగుతాను. తప్పు రాస్తే ముందు ఆ మంచం దగ్గరికి వెళ్తాను, మందిరానికి తర్వాత.