బామ్మర్ది బండికి రెండో ఫ్యాను

నా భార్య పోయిన రెండో నెలల నా బామ్మర్ది తన బండి తెచ్చి షాపు ముంగట ఆపిండు. దినాలైనంక వాడు నాతోని మాట్లాడుడు అదే మొదలు.

మెదక్‌ల నాది మోటర్ వైండింగ్ షాపు. కాలిపోయిన బోరు మోటర్లకు కొత్త రాగితీగ చుట్టుడు, స్టార్టర్ డబ్బలు బాగుచేసుడు ఇరవై ఏండ్ల సంది నా పని. మాకు పిల్లలు లేరు. ఆమెకు కామెర్లు ముదిరి హైదరాబాద్ దవాఖానల కొన్నాళ్లుండి అక్కడనే పోయింది. నేను ఏడ్వలె. ఆపుకున్న అని కాదు, ఏడుపు రాలె. శవాన్ని ఇంటికి తెచ్చినప్పుడు రాలె, స్నానం చేసి తడి బట్టలతోని ఒక్కన్నే కూసున్నప్పుడు గూడ రాలె. దినాలైన తెల్లారే షట్టర్ లేపిన. మోటర్లొస్తున్నయ్, చుడుతున్న, పోతున్నయ్. ఒకనాడు కూరల ఉప్పు వెయ్యలేదని సగం బువ్వ తిన్నంక తెలిసింది. లేచి వేసుకోబుద్ధి కాలె. అట్లనే తిన్న.

బామ్మర్ది ఆమెకు తమ్ముడు, ఎనిమిదేండ్లు చిన్నోడు. శనివారం, ఆదివారం పట్నం నుంచి బండ్ల మీద వచ్చేటోళ్లను అడవి బాటల్ల, మంజీర ఇసుకల తిప్పుకొచ్చుడు వాని పని. వాని బండి గూడ అసొంటిదే. ఎత్తుగ, సన్నగ, టైర్లకు పెద్ద పెద్ద గుబ్బలతోని ఉంటది. రోడ్డు మీదికన్న రాళ్ల మీదనే మంచిగ నడుస్తది.

"బావా," అన్నడు నా మొఖం చూడకుంట. "ఇసుకల మస్తు గరమైతుంది. మెల్లగ పోతే గాలి తగల్దు, నీళ్లు మసిలి బయటికొస్తున్నయ్. రెండు దిక్కుల రేడియేటర్లున్నయ్, ఫ్యాను ఒక్క దిక్కే ఉన్నది. ఇంకోటి తెచ్చి బిగించిన. కరెంటు ఇయ్యాలె."

"పెట్టి పో. పొద్దుమీకి రా," అన్న.

అరగంట పని. బ్యాటరీ నుంచి రెండు తీగలు గుంజి, నడుమ హ్యాండిల్ మీద ఒక స్విచ్చు పెట్టి, ఫ్యానుకు కలిపిన. స్విచ్చు వేస్తే తిరిగింది. సాయంత్రం వాడొచ్చి చూసుకొని, మంచిదన్నట్టు తలకాయ ఊపి పోయిండు. ఇంకెవడన్న ఆ తీగలు అట్ల కలుపుకొని నా దగ్గరికొస్తే తిట్టి పంపేటోన్ని. అది నాకు అప్పుడు తట్టనే లేదు.

ఆదివారం పొద్దుగాల వాడు నలుగురిని తీసుకొని ఏడుపాయల దిక్కు ఇసుకలకు పోయిండు. ఎండ పెరిగినంక ఒక చెట్టు కింద ఆగి, బండ్లు ఆపి, అందరు తిన్నరు. వీడు చాబి తీసిండు గని ఫ్యాను స్విచ్చు మరిచిపోయిండు. నేను కలిపిన తీరుకు చాబితోని ఆ ఫ్యానుకు సంబంధమే లేదు. గంటకు పైన అది తిరిగి తిరిగి బ్యాటరీ మొత్తం తాగేసింది. లేచి సెల్ఫ్ కొడితే టిక్కుమని ఊకుంది. ఆ బండికి కిక్కు లేదు, ఇసుకల నూకినా చాలు కాలె.

సోమవారం బండిని ఆటోల వేసుకొని షాపుకొచ్చిండు. చేతులు రెండు ఎర్రగ బొబ్బలెక్కినయ్.

"తాడు కట్టి గుంజుకొచ్చిన్రు బావా. నేను తొవ్వ చూపియ్యాల్సినోళ్లే నన్ను గుంజుకొచ్చిన్రు."

నేను వంగి తీగలు చూసిన. ఫ్యూజు గూడ పెట్టలె. ఎక్కడన్న తీగ ఒరుసుకుంటే బండే కాలిపోయేది.

"తప్పు నాదే," అన్న.

"గంతేనా?" వాని గొంతు లేచింది. "అక్క పోయిన్నాడు గూడ గిట్లనే ఉన్నవ్. కాయితం మీద సంతకం పెట్టి, అంబులెన్స్ ఎన్నింటికొస్తదని అడిగినవ్. అమ్మ నేల మీద పొర్లి పొర్లి ఏడ్సింది. నీ కండ్లల్ల చుక్క నీళ్లు లెవ్వు. వచ్చినోళ్లందరు చూసిన్రు. అసలు నీకు అక్క మీద ప్రేమ, పావురం ఉండెనా?"

అట్ల అడిగితే ఎవనికైన కోపం రావాలె. వస్తదేమో అని చూసిన. రాలె.

"ఉండె," అన్న.

"మరి?"

"తెల్వదు రా. ఏడుపు ఇయ్యాలొస్తది, రేపొస్తది అని నేను గూడ చూస్తున్న. తిన్నదేందో తెలుస్తలేదు. పండుకుంటే నిద్రొచ్చిందో లేదో తెలుస్తలేదు." ఇంకేం చెప్పాల్నో తోచక వాని బండి చూపెట్టిన. "గిది చూడు. ఫ్యూజు లేకుంట, చాబితోని కలపకుంట నేను తీగ గుంజిన. ఇరవై ఏండ్ల సంది గీ తప్పు నేను చెయ్యలె. చేసిన అని గూడ నాకు తెలియలె."

వాడు వంగి ఆ తీగలు చూసిండు. తర్వాత స్టూలు గుంజుకొని కూసున్నడు.

"ఇప్పుడు ఎట్ల చెయ్యాలె?" అని అడిగిండు.

పాత తీగలన్ని పీకేసిన. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టిన. దాని తర్వాత రిలే పెట్టిన. చాబి తిప్పితేనే లోపల అతుక్కొని కరెంటును దాటనిచ్చే చిన్న డబ్బి అది. హ్యాండిల్ మీది స్విచ్చు ఆపకున్నా, చాబి తీస్తే ఫ్యాను దానంతట అదే ఆగుతది. వాడు టార్చి పట్టుకున్నడు, నేను తీగలను సీసంతోని అతికి టాంకా వేసిన. అయిపోయినంక, అప్పటిదాక ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ బిగించి ఇంజిన్ చాలు చేసి, రెండు ఫ్యాన్లు, హెడ్‌లైటు వేసి బ్యాటరీకి మీటరు పెట్టిన. ముల్లు మెల్లగ కిందికి దిగుతున్నది.

"ఏమైంది మల్ల?"

"మెల్లగ పోయేటప్పుడే నీకు ఫ్యాను కావాలె. మెల్లగ పోయేటప్పుడే ఇంజిన్ల కరెంటు తక్కువ పుడ్తది. వచ్చేదానికన్న పోయేది ఎక్కువున్నది. ఏదో ఒకటి తగ్గియ్యాలె."

ఆ బండి చాలు చేస్తే హెడ్‌లైటు వెలుగుతనే ఉంటది, ఆపరాదు. పాత బల్బు తీసి, తక్కువ కరెంటు తీసుకునే ఎల్ఈడీ బల్బు వేసిన. మల్ల మీటరు పెడితే ముల్లు లేచి పన్నెండు దాటి, పదమూడు వోల్టుల మీద నిలవడ్డది. వాడు ఆ ముల్లును చూసుకుంట "నిలవడ్డది బావా" అన్నడు. నేను తలకాయ ఊపిన.

తెల్లారి షాపు తెరవకుంట వాని వెనుక కూసొని మంజీరకు పోయిన. షాపుల ముల్లు నిలవడితే సరిపోదు, ఇసుకల నిలవడాలె. వాన్ని మొదటి గేర్ల తిప్పుమన్న. ఎండల ఆ ఇసుక చుట్టు ఎన్నిసార్లు తిప్పిండో లెక్క లేదు. కొంతసేపటికి వాడు స్విచ్చు వేస్తే రెండో ఫ్యాను గుంయ్యిమని అందుకున్నది. దాని వెనుక చెయ్యి పెడితే వేడి గాలి అరచేతికి కొట్టింది. నీళ్లు బయటికి రాలె. చాబి తీసి చూస్తే ఫ్యాను ఆగిపోయింది. మల్ల సెల్ఫ్ కొడితే ఒక్క దెబ్బకు అందుకున్నది.

వాడు బండి ఆపి దిగి రాయి మీద కూసున్నడు.

"అక్క ఒకసారి గీ బండి ఎక్కింది. నీకు చెప్పొద్దన్నది."

"ఎప్పుడు?"

"పోయిన ఎండకాలం. గీడిదాకనే వచ్చినం. తొవ్వ పొడుగూత నన్ను తిట్టుకుంటనే ఉన్నది, మెల్లగ పో, మెల్లగ పో అని. దిగినంక మల్లొకసారి తిప్పుమన్నది."

ఆ మాట అనుకుంటనే వాడు మోకాళ్ల మీద తల పెట్టుకొని ఏడ్సిండు. నేను వాని భుజం మీద చెయ్యి వేసి నిలవడ్డ. ఆమె ఇసుకల నిలవడి మల్లొకసారి తిప్పుమంటున్నట్టు ఊహించుకోవాలని చూసిన. ఏం కనవడలె. వట్టి ఇసుకనే ఉన్నది. నా కండ్లు తడారే ఉన్నయ్. వాడు మొఖం తుడుచుకొని నా దిక్కు చూసిండు. ఈసారి ఏం అడగలె.

ఆ ఎండకాలమంత ఆ బండి ఎక్కడ ఆగలె. వాడు సోమవారం సోమవారం షాపుకొచ్చి తీగలు చూపిస్తడు, ఇసుక దులుపుకుంటడు, చాయ్ తాగి పోతడు. నాకు ఏడుపు ఇప్పటిదాక రాలె. గని అప్పటిసంది అత్తమ్మ పగటీలి బువ్వ వేళకు ఫోన్ చేసి "తిన్నవా బిడ్డా?" అని అడుగుతుంది. అంతకుముందు చేస్తలేకుండె. వాడు ఆమెకు ఏం చెప్పిండో నేను అడగలె. తిన్న అత్తమ్మా, అని నేనంట. ఇంక చెప్పుకునే ముచ్చట ఏం ఉండది. అయినా ఇద్దరం కొంచెంసేపు ఫోన్ పట్టుకొనే ఉంటం.