నేను మార్చి చదివిన ముగింపు

ఏ నవల తెరిచినా, చివరి పుట దగ్గరికి వచ్చేసరికి మూసేస్తాను. ఏళ్ళ తరబడి ఇంతే. ఎందుకో ఇంట్లో ఎవరికీ తెలియదు. మీరు నన్ను చూడలేరు కనుక మీకు చెప్పగలుగుతున్నాను.

మాది పల్లపు ఊరు. పసితనంలోనే నాకు పెళ్ళయింది, ఆయన పోయాడు. ఆ ముఖం కూడా గుర్తులేదు. ముంచింగిపుట్టులో చింతపండు, అడ్డాకులు కొనే వ్యాపారం పెట్టినప్పుడు అన్నయ్య నన్నూ కొండమీదికి తెచ్చుకున్నాడు. విస్తళ్ళు కుట్టడానికి బుద్రి అనే కొండ మనిషి వచ్చేది. నా ఈడుదే. ఆమె కుడుతుంటే నేను నవల చదివి వినిపించేదాన్ని. నలుగురిలో నోరు పెగలని నాకు ఆమె ముందు మాత్రం గొంతు వచ్చేది.

బుద్రి మగడు అస్సాం తేయాకు తోటలకు పోయి కబురు లేకుండా ఉన్నాడు. వాళ్ళలో అలాంటి ఆడది మళ్ళీ మనువాడవచ్చు, తప్పు కాదు. పొరుగు గూడెం మనిషి ఒకడు ఆమెకోసం ఇప్పసారా కుండ తెచ్చి గుమ్మంలో దింపాడు. ఇంట్లోవాళ్ళు ఆ సారా తాగితే ఒప్పుకున్నట్టు.

మేము చదువుతున్న నవలలోనూ భర్త ఓడెక్కి వెళ్ళి తిరిగిరాడు. చివరికి ఆమె, తనను ఆదరించిన వాడిని పెళ్ళాడుతుంది. ఆ పుట నేను ముందే చదువుకున్నాను. ఏడ్చాను. కథలో ఆమెకు దొరికింది, రేపో మాపో బుద్రికి దొరకబోయేది, నాకెందుకు లేదు?

మర్నాడు ఆ పుట తెరిచి, అందులో లేనిది చదివాను. ఆమె ఎవరినీ చేసుకోలేదు. కాచుకుని కూర్చుంది. అందరూ చచ్చిపోయాడనుకున్న భర్త ఒక సాయంత్రం గుమ్మంలోకి వచ్చాడు.

బుద్రి పుల్ల గుచ్చడం ఆపింది.

"నిజింగా వొచ్చీసినాడేటమ్మా?"

"వచ్చాడు."

"అలగే రాసున్నాదా? నువ్వు కట్టిన కత కాదు కదా?" అని నవ్వింది.

"అలాగే ఉంది."

"అయితే ఆ కుండ ఎత్తుకుపొమ్మంటాను. మావోడొచ్చి, నా పొయ్యికాడ ఇంకోడ్ని సూసినాడంటే ఏటైపోతాడు, పాపం!"

అచ్చులో ఉన్నదంతా జరిగినదేనని ఆమె నమ్మకం. కథలు కల్పించి రాస్తారని నేనెన్నడూ చెప్పలేదు. ఆ ఒక్క మాట ఆ రోజు చెప్పినా సరిపోయేది.

కుండ వెనక్కి వెళ్ళింది. ఆ మనిషి మరో పిల్లను చేసుకున్నాడు. బుద్రి మగడు జ్వరంతో తోటల్లోనే పోయాడని తిరిగివచ్చిన వాళ్ళు చెప్పారు. ఆమె నమ్మలేదు. పుస్తకంలోనూ ముందు అలాగే అన్నారు కదా, అంది.

అప్పుడు నా మనసులో ఉన్నది ఏమిటి? ఆమెకు ఓదార్పుగా ఉంటుందని అలా చదివానని డైరీలో రాసుకున్నాను, నాకు నేనే చాలాకాలం అలా చెప్పుకున్నాను. కాదు. నాలాంటిది ఇంకొకతె ఉండాలనిపించింది. అంతే.

ఇప్పటికీ సంతరోజున వస్తుంది. ఆ చివరి పుట చదవమంటుంది. అక్షరాల మీద వేలు పెట్టి, అక్కడ లేనిది చదువుతాను. ఒక్క మాట తప్పినా ఆమే సరిదిద్దుతుంది.

ఆమెతో చెప్పలేను. చెప్పినా ఆ కుండ మళ్ళీ రాదు. మీకు మాత్రం ఆ పుట ఉన్నదున్నట్టు చదువుతున్నాను. అతను తిరిగి రాలేదు. ఆమె ఇంకొకరిని చేసుకుంది. సుఖంగా ఉంది.